నడిచే జీపునే బాగుచేయాలి

మన ఊళ్ళలో పాత జీపులు వయసు మీరి పోయినవి తక్కువ. ఇష్టపడి కొనుక్కున్నవాళ్ళు ఒక్కసారిగా విప్పేస్తే మూలన పడ్డవే ఎక్కువ. ఏ షెడ్డులోకి వెళ్ళి చూసినా కథ ఒకటే. ఛాసిస్ ఇటుకల మీద ఉంటుంది. బాడీ గోడకి ఆనించి ఉంటుంది. ఇంజను మీద యూరియా సంచి కప్పి ఉంటుంది. నట్లూ బోల్టులూ అన్నీ కలగలిపి ఒక పెయింటు డబ్బాలో పోసి ఉంటాయి. "మొత్తం విప్పి కొత్తదానిలా చేద్దామనుకున్నాను" అంటాడు యజమాని. మొదటి నెల ఉత్సాహం ఉంటుంది. రెండో నెల డబ్బు అయిపోతుంది. మూడో నెల పిల్లల పరీక్షలు. ఆ తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. చివరికి తూకానికి అమ్ముతారు.

అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఒక్క నియమం మీద నిలబడుతుంది. ఆదివారం పొద్దున షెడ్డులోంచి బయటికి తీసిన జీపు సాయంత్రానికి తన చక్రాల మీద తాను నడిచి లోపలికి వెళ్ళాలి. ఒక రోజులో పూర్తికాని పని అయితే దాన్ని రెండుగా విడగొట్టుకోండి. విడగొట్టడానికి వీల్లేని పనులు కొన్ని ఉంటాయి, వాటికి సెలవులు చూసుకుని పూనుకోండి. నడుస్తున్న బండి మీద మనసు నిలుస్తుంది, కాళ్ళూ చేతులూ ఊడదీసిన బండి మీద నిలవదు. ఇంకో లాభమూ ఉంది. నడుస్తున్న బండి తన జబ్బేమిటో తానే చెబుతుంది. విప్పేసిన బండికి నోరు ఉండదు.

రెండో నియమం వరుసకు సంబంధించింది. ముందు ఆగాలి, తర్వాత తిరగాలి, తర్వాత పరుగెత్తాలి, అన్నిటికన్నా చివర మెరవాలి. అంటే బ్రేకులు, స్టీరింగు, ఇంజను, రంగు. చాలామంది దీన్ని తలకిందులు చేసి, తళతళలాడే రంగు వేయించి, వెడల్పాటి టైర్లు తొడిగించి, ఆ తర్వాత బ్రేకుల కోసం డబ్బు వెతుక్కుంటారు. పిల్లలు ఎక్కి కూర్చునే బండి విషయంలో ఈ పొరపాటును నేను తేలిగ్గా తీసుకోలేను.

మీ దగ్గరున్నది ఏ జీపో ముందు తేల్చుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా చేసిన సైనిక జీపుకు ముందు జాలీలో తొమ్మిది చీలికలుంటాయి. పౌరుల కోసం చేసిన సిజె రకాలకు ఏడు. మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మన దేశంలో జీపు కథ మొదలైంది. మన దగ్గర ఎక్కువగా కనబడేది సిజె-3బి. దాని బానెట్ కాస్త ఎత్తుగా, మొహం నిటారుగా ఉంటుంది. దానికి కారణం లోపలి ఇంజనే. అంతకు ముందున్న ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. ఈ 2,199 సీసీ హరికేన్ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులను హెడ్డులోకి ఎక్కించారు, ఎగ్జాస్టు వాల్వులు మాత్రం బ్లాకులోనే ఉండిపోయాయి. ఇంజను ఎత్తు పెరిగింది, బానెటూ దానితో పాటు లేచింది. 1959లో షాద్‌నగర్‌లో మొదలైన పంచాయతీ సమితుల కాలం నుంచి బి.డి.ఓ. గారి జీపుగా, పోలీసు జీపుగా, ఎన్నికల జీపుగా మన పల్లెలు చూసిన ముఖం ఇదే. పెద్దవాళ్ళకు ఈ బండి మీద ఇంత ప్రేమ ఉందంటే అందుకే.

1980ల్లో వచ్చిన ఎం.ఎం.540 అయితే అందులో 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే పానాల దగ్గరే ఇబ్బంది పడతారు. జీపు ఛాసిస్, ఇరుసులు అంగుళాల లెక్కలో పుట్టినవి: 7/16, 1/2, 9/16 పానాలు కావాలి. ప్యూజో ఇంజను మిల్లీమీటర్ల లెక్క: 10, 13, 17. అంగుళాల బోల్టుకు దాదాపుగా సరిపోయే మిల్లీమీటరు పానా పెట్టి తిప్పితే బోల్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. రెండు సెట్లూ కొనండి. మంచి కంపెనీ రింగు పానాలే కొనండి. ఈ పనిలో పిసినారితనం పనికిరాదని నేను గట్టిగా చెప్పే చోటు ఇదొక్కటే. వీటితో పాటు ఒక ఫీలర్ గేజి, గ్రీజు గన్ను, రెండు టన్నుల జాకీ, కనీసం రెండు స్టాండ్లు, ఒక టెస్ట్ ల్యాంపు ఉంటే ఇంటి దగ్గర చేయదగ్గ పనుల్లో ముప్పాతిక చేసుకోవచ్చు.

పానా పట్టేముందు రెండు సంగతులు. పాత విల్లీస్, సిజె జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లకు ఉల్టా మర ఉంటుంది. కుడి పక్క నట్టులా ఎడమకు తిప్పి విప్పబోతే అది ఇంకా బిగుసుకుంటుంది. పానాకు పైపు తొడిగి బలం పెడితే స్టడ్డు విరుగుతుంది. స్టడ్డు చివర 'ఎల్' అక్షరం ఉందేమో వైరు బ్రష్‌తో తుడిచి చూడండి. ఉంటే ఆ నట్టును కుడికి తిప్పి విప్పాలి.

రెండోది ప్రాణానికి సంబంధించింది. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్లో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, అది పట్టుకునేది షాఫ్టును. నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపారనుకోండి. షాఫ్టు కదలకపోయినా హౌసింగులోని డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు, నేల మీదున్న చక్రం మరోవైపు తిరగగలవు. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా, గేరులో పెట్టి ఉన్నా బండి దొర్లిపోతుంది, జాకీ పడిపోతుంది. కాబట్టి జాకీ పెట్టకముందే నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు గట్టిగా కొట్టండి. లేపాక స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాని ఆధారంతో ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు, పడిపోయిన పానా తీసుకోవడానికి చెయ్యి పెట్టడం కూడా వద్దు.

ఇక బ్రేకులు. ఈ జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఇప్పటి కార్లలోలాగా రెండు విడి దారులు లేవు, ఒకే మాస్టర్ సిలిండర్ నుంచి ఒకే లైను నాలుగు చక్రాలకూ వెళుతుంది. ఎక్కడో ఒక రబ్బరు హోసు చిట్లితే నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ఆ మాట చెవిలో మోగుతూ ఉండాలి. పాత జీపు ఇంటికి రాగానే రబ్బరు హోసులన్నీ, నాలుగు వీల్ సిలిండర్ల రబ్బర్ కిట్లూ, మాస్టర్ సిలిండర్ కిట్టూ మార్చేయండి. "బానే ఉన్నాయి కదా" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

ఒక చక్రం దగ్గర కూర్చుని పని చూద్దాం. డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచు మీద బాదకండి, పోత ఇనుము కాబట్టి పగులుతుంది. ముందు అడ్జస్టరు వదులు చేసి లైనర్లను లోపలికి రానివ్వండి. హబ్బు చుట్టూ తుప్పు నూనె వేసి ఒక పూట వదిలేయండి. డ్రమ్ము ఊడాక లోపల నల్లటి పొడి కనబడుతుంది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడిని నోటితో ఊదినా, గాలి పంపుతో కొట్టినా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మాస్కు పెట్టుకుని, నీళ్ళతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. ఇప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు కొంచెం ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే సరే, తడి ఉంటే కారుతున్నట్టే. పిస్టన్లు బయటికి తీసి సిలిండర్ గోడను వేలిగోటితో గీకండి. గోటికి గుంట తగిలితే కొత్త రబ్బరు వేసినా నెలరోజుల్లో మళ్ళీ కారుతుంది, సిలిండరే మార్చాలి. నున్నగా ఉంటే బ్రేకు ఆయిల్‌తోనే కడిగి కొత్త కిట్టు వేయండి. పెట్రోలు, కిరసనాయిలు, గ్రీజు ఆ రబ్బర్లకు తగలకూడదు, తగిలితే ఉబ్బిపోయి పిస్టను పట్టేస్తుంది. విప్పిన స్ప్రింగుల వరుస మర్చిపోకుండా ఉండడానికి చిన్న ఉపాయం: ఒకేసారి రెండు చక్రాలు విప్పకండి. తికమక పడ్డప్పుడు రెండో పక్క చక్రం మీకు నమూనాగా ఉంటుంది.

అన్నీ బిగించాక గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మన కుడిచేతి డ్రైవింగు జీపుల్లో ఎడమ వెనక చక్రం మొదటిది, కుడి ముందు చక్రం చివరిది. ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. నేను మా అమ్మాయిని పెడల్ దగ్గర కూర్చోబెడతాను. "తొక్కు", "పట్టు", "వదులు" అనే మూడు మాటలు తప్ప ఆ సమయంలో వేరే మాట ఉండకూడదు. స్క్రూ వదులు చేసి ఉండగా పెడల్ వదిలితే గాలి మళ్ళీ లోపలికి వెళుతుంది. సీసాలో బుడగలు ఆగి, పెడల్ గట్టిగా, సగం పైనే నిలబడితే పని అయినట్టు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్ళకొకసారి మొత్తం మార్చాలి. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోయండి.

స్టీరింగులో "ఆట" ఎక్కువగా ఉందని చాలామంది నేరుగా స్టీరింగు బాక్సు మీద పడతారు. బాక్సు మూత మీది స్క్రూను బిగించేస్తే ఆట తగ్గినట్టే ఉంటుంది, మలుపు తిరిగాక మాత్రం స్టీరింగు తిరిగి రాకుండా పట్టేస్తుంది. ఆ స్క్రూ ముట్టుకునే ముందు మిగతావన్నీ చూడాలి. ఒకరిని స్టీరింగు అటూ ఇటూ కొద్దిగా తిప్పమని, మీరు పక్కన వంగి టై రాడ్ ఎండ్ల మీద, డ్రాగ్ లింకు కీళ్ళ మీద ఒక్కొక్కదాని మీద అరచెయ్యి పెట్టండి. అరిగిన కీలు అరచేతికి టక్కున తెలుస్తుంది. తర్వాత ముందు చక్రం నేల వదిలేలా లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి వేసి ఊపండి. కదిలిందా? అలాగే ఊపుతూ లోపలున్నవారిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే కదలిక ఆగిపోతే అది వీల్ బేరింగు. ఆగకపోతే కింగ్ పిన్. ఏ బోల్టూ విప్పకుండా రెండు రోగాలనూ విడదీసి చూపే ఈ పరీక్ష నాకు ఎంతో ఇష్టం. నలభై, యాభై కిలోమీటర్ల వేగంలో గుంటలో పడగానే ముందు చక్రాలు రెండూ గజగజా వణికే జబ్బుకు చాలావరకు కారణం ఈ కింగ్ పిన్ వదులే. కింగ్ పిన్ దగ్గరి పల్చటి షిమ్ములు తగ్గించి బిగువు సరిచేయవచ్చు. స్టీరింగు డ్యాంపర్ ఒకటి తగిలించి వణుకును కప్పిపుచ్చే పద్ధతి వద్దు.

ఇదంతా అయ్యాక ఇంజను జోలికి రండి. స్టార్ట్ కాని పెట్రోలు ఇంజను దగ్గర అడగాల్సినవి మూడే ప్రశ్నలు: పెట్రోలు వస్తోందా, మంట వస్తోందా, కంప్రెషన్ ఉందా. ఒక ప్రశ్నకు జవాబు దొరకకుండా రెండోదానికి పోకూడదు. ఒకేసారి ప్లగ్గులు మార్చి, కార్బొరేటర్ కడిగి, పాయింట్లు సరిచేస్తే బండి స్టార్ట్ అవుతుంది కానీ దేనివల్ల అయిందో మీకు తెలియదు. మళ్ళీ ఆగిపోయినప్పుడు మళ్ళీ మొదటికే వస్తారు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చినది పుస్తకంలో రాయండి.

మంట సంగతి ముందు చూడండి, పాత జీపుల్లో ఎక్కువ సార్లు దొంగ దొరికేది అక్కడే. డిస్ట్రిబ్యూటర్ కప్పు తీసి, ఇంజనును హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపండి. ఆ సందు 0.020 అంగుళాలు, అంటే అర మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజి రేకు లోపలికి వెళ్ళేటప్పుడు సన్నగా రాసుకున్నట్టు తెలియాలి, ఇరుక్కోకూడదు. పాయింట్ల మొహాలు నల్లగా కాలి గుంటలు పడితే కండెన్సరును అనుమానించండి. ప్లగ్గుల సందు 0.030 అంగుళాలు. పేలే వరుస 1-3-4-2. ప్లగ్గు వైర్లు తీసేటప్పుడు అంకెలు రాసిన బట్ట ముక్కలు చుట్టుకుంటే ఈ వరుస తప్పదు. తీసిన ప్లగ్గు రంగు కూడా చూడండి. గోధుమ రంగు ఆరోగ్యం. పొడి నలుపు అంటే పెట్రోలు ఎక్కువ వెళుతోంది. జిడ్డు నలుపు అంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది.

పెట్రోలు విషయంలో ఇప్పుడు కొత్త జాగ్రత్త ఒకటి వచ్చింది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఈ ఇంజనుల కంప్రెషన్ తక్కువ కాబట్టి ఆక్టేన్ గురించి దిగులు అక్కర్లేదు. ఇబ్బందంతా రబ్బరుతోనే. పాత హోసులు, పెట్రోలు పంపులోని డయాఫ్రం, కార్బొరేటర్ ప్యాకింగులు ఇథనాల్‌కు మెత్తబడి చిట్లుతాయి. ఇథనాల్‌కు ఆగే హోసులు అడిగి తీసుకోండి. ఆ పంపు ఇంజను బ్లాకుకే బిగించి ఉంటుంది కాబట్టి డయాఫ్రం చిరిగితే పెట్రోలు బయటికి కారకుండా ఇంజన్ ఆయిల్‌లో కలవవచ్చు. నెలకొకసారి డిప్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా ఆ పూటే బండి ఆపేయాలి. అలా నడిపితే బేరింగులు పోతాయి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే కార్బొరేటర్‌లోని పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపండి.

డీజిల్ జీపుల వారికి చెప్పాల్సింది కొంచెమే. పొద్దున స్టార్ట్ కాకపోతే హీటర్ ప్లగ్గులను టెస్ట్ ల్యాంపుతో ఒక్కొక్కటే చూడండి. ఫిల్టరు మార్చినా, డీజిల్ అయిపోయి ఆగినా లైనులో గాలి చేరుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురుగు ఆగి చిక్కటి డీజిల్ వచ్చేదాకా తీయాలి. పంపు, నాజిళ్ళు మాత్రం ఇంట్లో విప్పే వస్తువులు కావు. వాటిని డీజిల్ పంపు వర్క్‌షాపు వాళ్ళకే వదిలేయండి.

వేసవిలో మన ప్రాంతపు ఎండకు ఏ జీపయినా వేడెక్కుతుంది. "థర్మోస్టాట్ తీసేయండి, చల్లగా ఉంటుంది" అని దాదాపు ప్రతి షెడ్డులోనూ సలహా ఇస్తారు. అది తీసేస్తే ఇంజను చలికాలంలో తగినంత వేడెక్కదు, ఆయిల్‌లో తేమ ఆవిరి కాక మడ్డి పేరుకుంటుంది. వేడికి అసలు కారణం చాలాచోట్ల బోరు నీళ్ళే. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో, బ్లాకులో సున్నం పొర కడుతుంది. రేడియేటర్ ఊడదీసి రాడ్డింగ్ చేయించండి, బ్లాకు కింది డ్రెయిన్ మర తీసి మట్టి కడిగేయండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. ఫ్యాను బెల్టు బిగువు, రేడియేటర్ మూత రబ్బరు కూడా చూసుకోండి. వేడి ఇంజను మీద మూత తెరవకండి.

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు హౌసింగులు ఏళ్ళు గడిచినా ఏమీ అడగవు, ఆయిల్ తప్ప. సిజె-3బిలో మూడు గేర్ల బాక్సుకు ట్రాన్స్‌ఫర్ కేసు అంటుకుని ఉంటుంది. మధ్యలోని సీలు పోతే గేరుబాక్సు ఆయిల్ దానిలోకి జారిపోతుంది. కింద చుక్క కూడా కారదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఒకదాని మట్టం తగ్గి రెండోదాని మట్టం పెరిగిందంటే ఇదే సంగతి. రెంటి మట్టాలూ కలిపే చూడాలి. గేరుబాక్సులో 90 గేర్ ఆయిల్ పోసేటప్పుడు డబ్బా మీద జి.ఎల్.-4 అని ఉందో లేదో చూడండి. జి.ఎల్.-5 రకంలోని కొన్ని మందులు లోపలి ఇత్తడి రింగులను తినేస్తాయి. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకండి. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానితో ఒకటి పెనుగులాడి లివరు బిగుసుకుపోతుంది. అలా పట్టేస్తే కొద్దిగా రివర్స్ చేస్తే వదులుతుంది.

ఇంట్లో చేయకూడని పనులను నేర్పరులకు అప్పగించడం కూడా ఈ విద్యలో భాగమే. డ్రమ్ములు తిప్పించడం, బోరింగు, క్రాంకు గ్రైండింగు, వాల్వు సీటు పనులకు మంచి లేత్ మేస్త్రి కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాదు చుట్టుపక్కల అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. సీళ్ళు, బేరింగులకు సికింద్రాబాద్ రాణిగంజ్ మేలు. అక్కడ జీపు పేరు చెబితే పని కాదు, బేరింగు మీది నంబరు చెప్పాలి. నంబరు చెరిగిపోతే పాత ముక్కనే పట్టుకెళ్ళండి. మా పరిచయస్తుడైన ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి కుర్రవాడొకడు పట్టేసిన షాకిల్ పిన్ను తెచ్చి, "బాబాయ్, దీన్ని కోసేయ్, కొత్తది వేసుకుంటా" అన్నాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కొత్తది ఎక్కడుందిరా నాయనా, ముందు అది తెచ్చి చూపించు, తర్వాత కోస్తా" అన్నారు. కొత్త ముక్క చేతికి రాకుండా పాతది పాడుచేయకూడదని ఆ కుర్రవాడికి ఆ రోజే తెలిసింది. అతను పది దుకాణాలు తిరిగి వచ్చేసరికి మేస్త్రి గారు దాన్ని వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ వేడి చేసి చెక్కుచెదరకుండా బయటికి తీసి ఉంచారు.

రంగుకు వచ్చేముందు తుప్పు సంగతి చూడాలి. తెలంగాణలో జంగు అంటారు, పేరేదైనా అది చేసే పని ఒకటే. విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలి తగిలిన బండి అయితే ఇంకా జాగ్రత్త. సీటు కింది పెట్టె, బ్యాటరీ కింది రేకు, కాళ్ళ కింది ఫ్లోరు, ఛాసిస్ వెనక అడ్డపట్టీ: ఈ నాలుగు చోట్ల స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగితే ఆ రేకు చచ్చినట్టే. దాని మీద పుట్టీ మెత్తి రంగు వేస్తే రెండు వానాకాలాలు ఆగదు. చచ్చిన రేకును గట్టి రేకు వచ్చేదాకా కోసి, అంతే మందం ఉన్న కొత్త రేకు వెల్డింగు చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు ఊడదీసి, పెట్రోలు ట్యాంకును బండిలోంచి తీసి దూరంగా పెట్టించండి. సిజె జీపుల్లో ఆ ట్యాంకు ముందు సీటు కిందే ఉంటుంది. అతుకు మీద రెడ్ ఆక్సైడ్ కంటే ఎపాక్సీ ప్రైమర్ మేలు. ఫ్లోరులో నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, వాటిని తెరవండి.

టింకరింగ్‌కు ఇచ్చే ముందు ఆర్.సి. బయటికి తీయండి. సొంత వాడకం బండికి 15 ఏళ్ళు దాటాక అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించుకుని రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో కలవాలి. రంగు మార్చినా ఆర్.సి.లో రాయించాలి. కంపెనీ ఇచ్చిన ఆకారానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. కాబట్టి పొడవు పెంచడం, అనుమతి లేకుండా వేరే ఇంజను పెట్టడం లాంటి ఆలోచనలు ఉంటే మానుకోండి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. కొత్తగా నమోదు చేసుకుంటే రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు, నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. అలా నమోదైన బండిని ర్యాలీలకూ, ప్రదర్శనలకూ, పెట్రోలు కొట్టించుకోవడానికీ, రిపేరుకూ తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. మీరు వారం వారం పొలానికి తీసుకెళ్ళే జీపు అయితే మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకోండి. రంగు తడి ఆరేలోపు ఫిట్‌నెస్ తేదీ దాటిపోకుండా, గడువుకు రెండు నెలల ముందే టింకరింగ్ షెడ్డుకు ఇవ్వండి.